మూర్తి డాక్టరు గారు, మంగాయమ్మ గారి దగ్గు

మొన్న మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయి పాత బీరువా సర్దుతూ, అడుగున ఎక్కడో పడి ఉన్న ఎర్రరంగు సీసా మూత తీసింది. ఘాటుగా, కాస్త తియ్యగా, గొంతులోకి దిగిపోయే వాసన గదంతా కమ్ముకుంది. "అబ్బ, ఏంటి మేడమ్ ఇది! పారబోసేయమంటారా?" అంది ముక్కు మూసుకుని. "పారబోశావంటే నీ పని చెప్తాను" అన్నాను. పాపం, బిత్తరపోయింది. కఫంలో క్షయ క్రిమి కంటికి కనబడాలంటే వేసే రంగు అది. గాజు పలక మీద కఫాన్ని పల్చగా పూసి, ఆ రంగు పోసి, కింద స్పిరిట్ దీపం పెట్టి ఆవిరి లేచేదాకా వేడి చేసేవాళ్లం. ఇప్పుడు మిషన్లు వచ్చాయి. డబ్బా లోపల పెడితే ఉందో లేదో అదే చెప్పేస్తుంది. ఆ పిల్లకి ఆ వాసన కొత్త. నాకు మాత్రం అది రామచంద్రపురంలో మూర్తి డాక్టరు గారి ఆసుపత్రి వాసన. సీసాకి మూత పెట్టమని చెప్పడం కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయాను.

తొంభైల చివర్లో, కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తి చేసి ఆయన దగ్గర ఉద్యోగంలో చేరాను. ఆసుపత్రి పెద్దదేం కాదు. ముందు వరండాలో బల్లలు, లోపల ఆయన గది, పక్కన నాలుగు మంచాలు, వెనక పెరటివైపు నా గది. ఆయనకు అప్పటికే అరవై దగ్గర పడుతున్నాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట నెమ్మది. ఎంత నెమ్మదంటే, బయట జనం కిటకిటలాడుతుంటే ఆయన లోపల ఎవరో ముసలాయన్ని కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఏ వైపు తల పెట్టుకుని పడుకుంటారో, కిటికీ ఎటుందో అడుగుతూ ఉండేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. నాది మొదటినుంచీ తొందర మనిషి పద్ధతి. పని చేతిలో పడితే చకచకా అయిపోవాలి. ఎదుటివాళ్లు నసిగితే నోరు ఊరుకోదు. "ఈ అమ్మాయి నోటికి తాళం వెయ్యాలండి" అని కాంపౌండరు గారు ఆయనతో అంటే, "వద్దండి, కళ్లు బావున్నాయి. నోటితో మనకేం పని" అన్నారట. అది మెచ్చుకోలో వెక్కిరింపో నాకు చాలాకాలం తెలియలేదు.

చేరిన కొత్తలో ఒక స్లైడు చూసి, "నెగెటివ్ అండి" అని కాగితం ఆయన బల్ల మీద పెట్టి వచ్చేస్తున్నాను. వెనక్కి పిలిచారు. "ఏం చూశావమ్మా?" అన్నారు. "ఏం లేదండి" అన్నాను. "ఏం లేకపోవడం ఎలా కుదురుతుంది? పలక మీద ఏదో ఉంటుంది కదా. అదేంటో చెప్పు." నేను తెల్లమొహం వేశాను. లేచి నాతోపాటు నా గదికి వచ్చి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, కనబడుతున్నవన్నీ పేరుపేరునా చెప్పించారు. ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన కఫమైతే అందులో చీము కణాలు ఉంటాయి. ఒట్టి ఉమ్మయితే నోటి లోపలి చర్మం తాలూకు పెద్ద పెద్ద పలచటి కణాలు ఉంటాయి. ఇవన్నీ కోర్సులో చదివినవే. చదివింది చదివినట్టే పుస్తకంలో వదిలేసి వచ్చాను, అంతే. "లేదు అని రాసేముందు ఏముందో రాయమ్మా. లేదన్న మాట చాలా బరువైంది. దాన్ని పట్టుకుని మనుషులు ఇంటికెళ్లిపోతారు" అన్నారు. ఆ రోజు సాయంత్రం ఇంటికెళ్లి మా అమ్మతో, ఈ డాక్టరుకి బొత్తిగా పనీపాటా లేదు అని చెప్పాను.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. గోదావరి కాలవల నడుమ పుట్టినవాళ్లకి దోమలు చుట్టాలు. బోదకాలు ఉన్న మనిషి లేని వీధి ఆ రోజుల్లో ఉండేది కాదు. ఆ బోదకాలు తెచ్చే పురుగే కొందరిలో కాలు జోలికి పోకుండా ఊపిరితిత్తుల మీద పడుతుంది. చీకటి పడితే దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. చూసినవాళ్లు ఉబ్బసం అనుకుంటారు, లేకపోతే టీబీ అని హడలిపోతారు. రక్తపరీక్షలో ఒకరకం కణాలు విపరీతంగా పెరిగి కనిపిస్తాయి. దాని పేరు మా వైపు చదువురాని వాళ్లకి కూడా వచ్చు, ఈస్నోఫీలియా. మూడు వారాలు మాత్రలు వాడితే చేత్తో తీసేసినట్టు పోతుంది. మూర్తి డాక్టరు గారికి పేరొచ్చింది ఆ జబ్బు పట్టుకోవడంలోనే. టీబీ అని ముద్రపడి, ఇంట్లో కంచం గ్లాసు వేరైపోయిన మనుషుల్ని ఎంతమందినో ఆ మాత్రలతో మళ్లీ అందరి మధ్యా కూర్చోబెట్టారు. ద్రాక్షారామం నుంచి, మండపేట నుంచి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. మంగాయమ్మ గారు కూడా అలా బాగుపడ్డ మనిషే. నేను చేరకముందెప్పుడో ఆవిడ రాత్రి దగ్గు ఆయన చేతిలో పోయింది.

మంగాయమ్మ గారిది పక్క ఊరు. వరి, కొబ్బరి ఉన్న రైతు కుటుంబం. భర్త పోయారు. కొడుకు భీమవరం వైపు చేపల చెరువులు చూసుకుంటూ వారానికోసారి వచ్చేవాడు. ఇంట్లో ఆవిడ, కోడలు సుజాత, అయిదేళ్ల మనవరాలు బుజ్జి. ఆవిడకి శుభ్రం పిచ్చి. మా వరండా బల్ల మీద కూర్చోవాలంటే ముందు తన పైట చెంగుతో రెండుసార్లు తుడిచేది. ఎంగిలి పట్టింపు మరీను. బుజ్జి తాగిన గ్లాసు బుజ్జికే తప్ప ఇంకెవరికీ తగలకూడదు. అయితే ఆ పిల్లకి అన్నం కలిపి ముద్దలు పెట్టేది ఈవిడే, ఒళ్లో పడుకోబెట్టుకునేదీ ఈవిడే. ఆసుపత్రికొచ్చినా చంకలో బుజ్జి ఉండాల్సిందే. "మళ్లీ మన పాత చుట్టమే వచ్చిందండి డాక్టరు గారండి. ఆ మాత్రలే రాసిచ్చేయండి" అంటూ నవ్వుతూ వచ్చింది మొదటిసారి నేను చూసినప్పుడు. రక్తంలో ఆ కణాలు కాస్త ఎక్కువగానే ఉన్నాయి. ఆయన మాత్రలు రాసిచ్చారు. కొంచెం నెమ్మదించిందని చెప్పి పంపింది. చాలా నెలలు గడిచాక మళ్లీ వచ్చినప్పుడు చూస్తే జాకెట్టు చేతులు వదులైపోయి ఉన్నాయి. నవ్వు మాత్రం అలాగే ఉంది.

ఈసారి ఆయన మాత్రలు రాయలేదు. ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది. కఫం పరీక్షకి డబ్బా ఇచ్చి పంపారు. మర్నాడు ఆవిడ తెచ్చిన డబ్బాలో ఉన్నది చూసి నేనే ఆశ్చర్యపోయాను, కొబ్బరినీళ్లలా తేటగా ఉంది. స్లైడు చేసి చూశాను. క్రిమి లేదు. "నోటి కణాలు తప్ప ఇంకేం లేవండి. చీము కణం ఒక్కటంటే ఒక్కటి లేదు" అని చెప్పాను. ఇంకో డబ్బా ఇచ్చాం. మళ్లీ అదే తేటనీరు. ఈలోగా కొడుకు ఆవిణ్ని కాకినాడ తీసుకెళ్లి అక్కడా చేయించాడు. అక్కడా లేదన్నారు. "ఇన్నిసార్లు లేదన్నాక ఇంకా అనుమానం దేనికండి? మీరే కదా ఇదివరకు ఈస్నోఫీలియా అన్నారు" అని కొడుకు కాస్త గట్టిగానే అడిగాడు. ఆ సమయంలో బుజ్జి బల్ల మీద కూర్చుని ఆయన స్టెతస్కోపుతో ఆడుకుంటోంది. ఆయన దాన్ని మెడలో సర్దుతున్నట్టుగా పిల్ల మెడ తడిమారు. చేతులు అక్కడే ఆగిపోయాయి. "అన్నం సరిగ్గా తింటోందా అమ్మా?" అని సుజాతని అడిగారు. "ఎక్కడండి, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. పెరిగే పిల్ల, అలాగే ఉంటుందంటారు అత్తయ్య గారు" అంది ఆ అమ్మాయి. పిల్ల మెడలో గడ్డల్లా బిళ్లలు కట్టి ఉన్నాయి.

వాళ్లు వెళ్లాక నన్ను పిలిచి చెప్పారు. ఆ బిళ్లలు టీబీవే అయ్యుండాలి, అంత చిన్నపిల్లకి అది ఎక్కణ్నుంచో ఊరికే రాదు. ఇంట్లో దగ్గే మనిషి ఒకరు ఉండి ఉండాలి. ఆ దగ్గు ఆగకుండా పిల్లకి మందిచ్చినా మళ్లీ మొదటికొస్తుంది. పిల్లని ఆవిడ పక్కలోంచి తీయాలి. రుజువు లేకుండా తీయమంటే ఆవిడ వినదు, కొడుకు అసలే వినడు. "మరేం చేద్దామండి?" అన్నాను. "రేపు పొద్దున్నే వాళ్లింటికి కాఫీకి వెళ్దాం" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల ప్రాణం మీదకొస్తుంటే ఈయనకి కాఫీ ఏంటని లోపల్లోపల తిట్టుకుంటూనే, తెల్లవారకుండా డబ్బా సంచిలో వేసుకుని ఆయన స్కూటరు ఎక్కాను.

మేం వెళ్లేసరికి మంగాయమ్మ గారు పెరట్లో నూతి దగ్గర ఉంది. డాక్టరు గారు ఇంటికి రావడంతో కంగారుపడిపోయి, నులకమంచం వాల్చి, దాని మీద ఉతికిన దుప్పటి పరిచింది. ఆయన కూర్చోలేదు. "మంగాయమ్మ గారూ, ఆ డబ్బాలో మీరు ఎలా పట్టి ఇస్తున్నారో నాకోసారి చూపించండి" అన్నారు. ఆవిడ సిగ్గుపడింది. "చూపించడమేంటండి బాబూ, ఛఛ." ఆయన అలాగే నిలబడ్డారు. చివరికి ఆవిడే గొణిగింది. "లేవగానే దగ్గొస్తుంది కదండి, ఆ పాడంతా అదిగో, ఆ అరటిచెట్ల మొదట్లోకి ఊసేసి, పళ్లపొడితో నోరు శుభ్రంగా కడుక్కుని, నాలుగుసార్లు పుక్కిలించి, అప్పుడు పడతానండి. తమరిలాంటి పెద్దోళ్ల చేతికి ఎంగిలి ఇవ్వడమే పాపం. ఇచ్చేదేదో మంచిదే ఇచ్చాను బాబూ." కాకినాడలోనూ అలాగే ఇచ్చిందట. మందలిద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూస్తే మాట రాలేదు. ఎంతో మర్యాదగా, పూజకి పువ్వులు ఏరి ఇచ్చినంత శ్రద్ధగా చేసిందావిడ ఆ పని.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. నా సంచిలోంచి ఇంకో డబ్బా తీయించి, చొక్కా చేతులు పైకి మడుచుకుని అరటిచెట్ల వైపు నడిచారు. "నేను చేసినట్టు చేయండి" అని, గుండెల నిండా గాలి పీల్చి, వంగి, పొట్టలోంచి దగ్గి, ఊరంతా వినబడేలా కాండ్రించారు. గోడ అవతల ఎవరో "ఎవరండీ అదీ" అని కేకేశారు. అంత నెమ్మదైన మనిషి, గౌరవం గల డాక్టరు, ఆవిడ పెరట్లో నిలబడి ఆ చప్పుడు చేస్తుంటే నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంగాయమ్మ గారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, అయ్యో, తమరెందుకండి" అంటూనే ఉంది. "నా ఎంగిలి మీరు చూశారు. ఇప్పుడు మీది నాకివ్వడానికి ఏమైంది?" అన్నారు ఆయన. ఆవిడ అటు తిరిగి దగ్గింది. ఒకసారి మొదలయ్యాక ఆ దగ్గు ఆగలేదు. నూతి గట్టు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. డబ్బా రెండు చేతులా పట్టుకుని, కళ్లు దించుకుని ఆయనకి ఇచ్చింది. ఆయన దాన్ని చూసి, మూత బిగించి, నాకు అందించి, అప్పుడు మంచం మీద కూర్చుని కాఫీ అడిగారు.

ఆ స్లైడు చూడటానికి వెతకాల్సిన పనే లేకపోయింది. నీలిరంగు మధ్యలో సన్నటి ఎర్ర పుల్లల్లా క్షయ క్రిములు గుంపులు గుంపులుగా ఉన్నాయి. "దొరికాయండీ!" అని గట్టిగా అరిచేశాను. ఆయన వచ్చి చూశారు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక లేచి వెళ్లి తన గదిలో కూర్చున్నారు. పాత చుట్టం, ఆ ఈస్నోఫీలియా, నిజంగానే ఒకప్పుడు ఉంది, దాన్ని ఆయన పట్టుకున్నారు, అదే ఆయన కళ్లకి అడ్డం పడింది. ఈ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఆ పూట ఆయన కూర్చున్న తీరు చూసి నేను అనుకున్నదే.

ఆ సాయంత్రం కుటుంబమంతా వచ్చింది. జబ్బు ఏంటో, మందులు ఎన్నాళ్లు వాడాలో, కొన్నాళ్లు ఆవిడ వేరే గదిలో కిటికీలు తీసుకుని ఎందుకు పడుకోవాలో, బుజ్జికి కూడా మందు ఎందుకు మొదలెట్టాలో ఆయన విడమరిచి చెప్పారు. మంగాయమ్మ గారు అంతా విని, "అంటే బుజ్జికి నేనే పెట్టానా బాబూ ఈ రోగం?" అంది. సుజాత నేల చూస్తోంది. కొడుకు అటు తిరిగాడు. డాక్టరు గారు ఏదో ఒకటి సర్దిచెప్తారని నేను అనుకున్నాను. "మీరు పెట్టలేదమ్మా. నేను పెట్టాను" అన్నారు ఆయన. "కిందటిసారి మీరొచ్చినప్పుడే ఎక్స్‌రే తీయించాల్సింది. పాత జబ్బే కదా అని మాత్రలిచ్చి పంపేశాను. అన్ని నెలలు పిల్ల మీ పక్కలో పడుకోడానికి కారణం నేను. తప్పు నాది." ఆవిడ ఆయన వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. లేచి, బల్ల మీద పరుచుకున్న చెంగు లాక్కుని, పిల్లని కూడా ఎత్తుకోకుండా బయటికి నడిచింది.

ఆ తర్వాత ఆవిడ నెలనెలా మందుల కోసం వచ్చేది. వచ్చేది, చెయ్యి చాపేది, పొట్లం తీసుకునేది, వెళ్లిపోయేది. ఆయన ప్రతిసారీ గదిలోంచి బయటికొచ్చి, "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగేవారు. గోడకి చెప్పినట్టే. వరండాలో నలుగురి ముందూ ఆయన అలా నిలబడిపోవడం చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మీకెందుకండి అంత మాట అనడం? ఎవరి వల్ల వచ్చిందో చెప్పలేం అని ఊరుకుంటే పోయేది కదా. ఆవిడ మిమ్మల్ని దేవుడిలా చూసేది." ఆయన మందుల చీటీ రాస్తూనే అన్నారు, "ఆవిడకి ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలమ్మా. నా మీదొస్తే మందులు మింగుతుంది. తన మీద తనకొస్తే మానేస్తుంది." నేను ఊరుకోలేదు. "మీరన్నది నిజమేనా మరి?" "సగం నిజం." "మిగతా సగం?" పెన్ను మూత పెట్టారు. "అది ఎవరిదో నాకూ తెలీదు. ఎవరో ఒకరు మొయ్యాలి కదా. అయిదేళ్ల పిల్ల నాన్నమ్మ కంటే నేను గట్టివాణ్ని" అన్నారు.

మందులు ఒక్క పూట తప్పకుండా మింగింది ఆవిడ. ఆవిడకీ నయమైంది, బుజ్జికీ నయమైంది. పిల్ల మెడ మామూలైపోయి, బుగ్గలొచ్చి, బడికెళ్లడం మొదలెట్టింది. మందులు అయిపోయాక మంగాయమ్మ గారు మా ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. ఆయన అప్పుడప్పుడూ ఆ ఊరి వాళ్లెవరైనా వస్తే, "మంగాయమ్మ గారు బావున్నారా?" అని అడుగుతుండేవారు. బావున్నారంటే తల ఊపి పనిలో పడిపోయేవారు. కొన్నేళ్లకి ఆయన గుండెపోటుతో పోయారు. ఊరు ఊరంతా కదిలొచ్చింది.

ఆ రోజు ఆయన ఇంటి ముందు షామియానా కింద నేను ఓ మూల కూర్చుని ఏడుస్తుంటే, ఎవరో వచ్చి పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. మంగాయమ్మ గారు. "మొదట్లో నిజంగానే కోపం అమ్మాయ్" అంది, నేనేం అడగకుండానే. "ఆయన్ని చూస్తే ఒళ్లు భగ్గుమనేది. ఆ కోపంతోనే మందులు మింగాను. పిల్ల మెడ తగ్గాక ఒకరోజు ధాన్యం ఎండబోస్తుంటే తట్టింది, ఓరి నాయనో, ఈయన నా పాపం తన నెత్తినేసుకున్నాడే అని." "మరి ఆయనతో అనలేదేంటండి?" అన్నాను. "అన్నాళ్లు పలకరిస్తే పలకనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని చెప్పను? వచ్చే నెల చెప్దాం, కోతలయ్యాక చెప్దాం అనుకుంటూ ఉండిపోయాను. ఇప్పుడు చెప్దామని వస్తే వినే మనిషి లేడు" అంది. నా చెయ్యి పట్టుకుని అలాగే చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు నేను పని చేసేచోట, రిపోర్టు చేతిలో పట్టుకుని, "మా బాబుకి నా వల్లే వచ్చిందాండీ?" అని కిటికీ దగ్గర నిలబడే తల్లులు ఉన్నారు. నేను డాక్టర్ని కాను. తప్పు నాది అనే హక్కు నాకు లేదు. కిటికీ వదిలి బయటికెళ్లి వాళ్ల పక్కన బల్ల మీద కూర్చుంటాను. "ఎవరినైనా తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, మందులు మానకండి" అంటాను. కొందరు నిజంగానే తిడతారు, ఇంత ఆలస్యంగా చెప్తారా అని, మీ పరీక్షలు తగలెయ్యా అని. ఊరుకుని వింటాను.